బ్యాటరీకి జానెడు దూరంలో

మార్చి 3, మంగళవారం

తెల్ల కారు పని అయింది. నాన్న టీకి వెళ్ళగానే బానెట్ మళ్ళీ ఎత్తాను. బ్యాటరీ మీద బిగించిన రింగు వేలితో తోస్తే కదిలింది. అరచుట్టు బిగించాను. వైర్లను కట్టిన కేబుల్ టైలు రెండు వదులుగా ఉంటే కత్తిరించి కొత్తవి వేశాను. సర్దాను. అంతే.

బ్యాటరీ కంపెనీ వాళ్ళు ఊరికే ఇచ్చిన డైరీ ఇది. జనవరి నుంచి షాపు సొరుగులో ఖాళీగా పడుంది. ఈ ముక్క ఎక్కడో ఒకచోట కక్కకపోతే నా కడుపు ఉబ్బిపోయేలా ఉందని ఇవాళ తీశాను. నాన్న చేతులు వణుకుతున్నాయి. రాసేశాను.

చలికాలంలో మొదలైంది. చలికే అనుకున్నాం. చలి పోయింది, వణుకు పోలేదు. కుడిచేతికి ఎక్కువ. అమ్మ గ్లాసు నిండా నీళ్ళివ్వడం మానేసి సగమే ఇస్తోంది. ఎందుకని నాన్న అడగలేదు. ఇంట్లో ఉన్నదే ముగ్గురం. ముగ్గురికీ తెలుసు, ముగ్గురం నోట్లో బెల్లం పెట్టుకుని కూర్చున్నాం.

ఊళ్ళో సగం కార్లలో పాటలు బిగించిన చేతులవి.

మార్చి 5, గురువారం

ఇవాళ సర్దడానికి ఏమీ లేదు. నాన్న పని నిక్షేపంలా ఉంది. నేనే ఊరికే హడలిపోతున్నాను.

మార్చి 9, సోమవారం

షాపు తెరవగానే నాన్న చేసే మొదటి పని వాచీ, ఉంగరం తీసి గోడ మేకుకు తగిలించడం. బ్యాటరీ దగ్గర వేలికి ఉంగరం ఉండకూడదు, పొరపాటున తగలరాని చోట తగిలితే వేలు కాలిపోతుంది. అమ్మ దీన్ని పెళ్ళయినప్పటి నుంచీ ఎగతాళి చేస్తూనే ఉంది. "మీ నాన్న పొద్దున పదింటికి బ్రహ్మచారి, సాయంత్రం ఏడింటికి సంసారి" అంటుంది.

ఇవాళ ఉంగరం మేకుకు తగలడానికి మూడుసార్లు పట్టింది. నేను అటు తిరిగి స్క్రూలు ఏరుతున్నట్టు నటించాను.

నల్ల జీపు. నాన్న వైరును డ్రైవరు సీటు జరిగే పట్టాల మీదుగా లాగాడు. సీటు ముందుకీ వెనక్కీ జరిగిన ప్రతిసారీ ఆ పట్టా వైరును కొంచెం కొంచెం కోస్తుంది. నా పన్నెండో ఏట, టార్చి పట్టుకుని ఆయన పక్కన నిలబడ్డప్పుడు, ఈ సంగతి నాకు చెప్పింది ఆయనే. అలాంటి మనిషి ఇలా చేశాడు. నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియదు. వైరంతా బయటికి తీసి, తలుపు గుమ్మం అంచున ప్లాస్టిక్ పట్టీ కింద నుంచి మళ్ళీ వేశాను.

నా అదృష్టం బాగుండి నాన్న సరిగ్గా అప్పుడే పక్క షాపు సీటుకవర్ల బాబాయితో టీకి వెళ్ళాడు. ఈమధ్య పని అయీ అవగానే వెళ్తున్నాడు, అరగంటకి తక్కువ రాడు. నాకు కావలసినంత టైం. సర్దాను. అంతే.

మార్చి 12, గురువారం

అమ్మ వంటింట్లో పట్టుకుంది.

"షాపులో మీ నాన్న ఎలా చేస్తున్నారే?"

"ఎప్పట్లాగే."

"ఎప్పట్లాగే అంటే?"

"అమ్మా, పాలు పొంగుతున్నాయి."

పాలు పొంగడం లేదు. అమ్మకీ కనబడుతూనే ఉంది. అయినా వెళ్ళి గిన్నె దింపింది.

భోజనాల దగ్గర డాక్టరు మాట అమ్మే ఎత్తింది. నాన్న నవ్వేశాడు. "డాక్టరు పని మానెయ్యమంటాడు. నేను ఇంట్లో కూర్చుంటే మీ ఇద్దరి బుర్రా తింటాను. మీ మేలు కోరే వెళ్ళట్లేదు" అన్నాడు. మేమూ నవ్వాం. నవ్వకపోతే ఇంకేదో మాట్లాడాలి కదా.

మార్చి 14, శనివారం

తెల్ల కారాయన వచ్చాడు. పని లేదు, మెచ్చుకోవడానికే వచ్చాడట. "మీ నాన్న చెయ్యి పడ్డాక ఆ బండి వంక మళ్ళీ చూడక్కర్లేదమ్మా" అన్నాడు నాతో, నాన్న వినేలా. నాన్న తల ఎత్తలేదు. అప్పటికే తళతళలాడుతున్న స్క్రూడ్రైవరును తుడుస్తూ ఉండిపోయాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. ఇన్నాళ్ళూ ఆయన పరువు కాపాడుతున్నానని అనుకుంటున్నాను. చేస్తున్నదేమిటంటే, కన్నతండ్రి వెనక దొంగలా తిరగడం. నా చేతిలో పని పెట్టి వెనక ఎవరైనా ఇలా తిరిగితే నేను ఊరుకుంటానా? చెంప పగలగొడతాను.

సోమవారం నుంచి నాన్న పని చూడను. చేతకాకపోతే ఆయనే చెబుతాడు. చెప్పేదాకా ఆయన చేసింది చేసినట్టే. ఒట్టు.

మార్చి 16, సోమవారం

డ్యాన్స్ టీచర్ కారు వచ్చింది. ఆవిడ పిల్లలకు స్కూలు గ్రౌండ్లలో నేర్పుతుంది. కారు డిక్కీ తెరిచి పాట పెడితే నలభై మంది పిల్లలకూ వినపడాలట. "మా పిల్లలు అడుగులేస్తే భూమి అదరాలి, మీ స్పీకర్లు ముందే అదరగొట్టెయ్యకూడదు" అంది. మనిషి నిలబడి మాట్లాడదు, మాట్లాడుతూనే అడుగులు వేస్తూంటుంది. శనివారం వేరే ఊరి స్కూలు గ్రౌండులో పోటీ, అక్కడ పదింటికల్లా ఉండాలట. నలుగురు పిల్లల్ని తన కారులోనే తీసుకెళ్తుంది. రేపటికల్లా కావాలి.

పెద్ద ఆంప్లిఫయరు, అదీ డిక్కీలో. బ్యాటరీ ముందు ఇంజను దగ్గర. ఆ చివరి నుంచి ఈ చివరికి లావు వైరు లాగాలి. ముందు సంగతి తాను చూస్తానన్నాడు నాన్న, వెనక నాకు వదిలేశాడు.

టీచరు చూస్తానంటే ఆయనకు హుషారొచ్చింది. ఇంజనుకీ కారు లోపలికీ మధ్య ఉండే ఇనుప గోడ చూపించాడు. "వైరు ఈ కన్నంలోంచి రావాలమ్మా. ఇనుప అంచు కత్తిలాంటిది. అందుకే కన్నానికి ఈ రబ్బరు తొడగాలి. లేకపోతే బండి అదిరినప్పుడల్లా వైరు తొడుగు అరిగిపోతుంది." తర్వాత బొటనవేలూ చిటికెనవేలూ చాపి బ్యాటరీ పక్కన పెట్టాడు. "ఫ్యూజు ఇక్కడ. బ్యాటరీకి జానెడు. ఇక్కడుంటే, ఆ తర్వాత వైరు ఎక్కడ ఇనుముకి తగిలినా ఫ్యూజు పోతుంది, పాట ఆగిపోతుంది, అంతటితో సరి. దూరంగా పెట్టామనుకోండి, మధ్యలో ఉన్న వైరును ఆపేవాడుండడు. అదే కాలుతుంది. దాంతోపాటే బండీ."

"కరెంటు వైరు ఎడమ పక్క, పాట వైరు కుడి పక్క" అన్నాను నేను వెనక నుంచి.

"రెండూ కలిస్తే పాటలో ఇంజను ఏడుస్తుంది" అన్నాడు నాన్న. చిన్నప్పటి నుంచీ మా ఇద్దరి పాఠం ఇది, ఒకరు సగం, ఒకరు సగం.

పెద్ద సైజు రబ్బర్ల ప్యాకెట్టు విప్పి ఒకటి ఆయన చేతికిచ్చాను. షర్టు జేబులో వేసుకున్నాడు.

మార్చి 17, మంగళవారం

నాలుగింటికి నాన్న బానెట్ దించి, "పాట వస్తోంది, చూసుకో" అని టీకి వెళ్ళాడు. నేను బానెట్ మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను. చెయ్యి దానంతటదే గొళ్ళెం వైపు పోయింది. తీసేసుకున్నాను.

టీచరు చెప్పిన టైం కంటే ముందే వచ్చింది. పాట పెట్టాను. షాపు ముందే రెండు అడుగులు వేసి, మెచ్చుకుని, వెళ్ళిపోయింది.

నాన్న వచ్చేసరికి కారు లేదు. "అప్పుడే వెళ్ళిపోయిందా?" అన్నాడు. వెళ్ళిపోయిందన్నాను. కాసేపు కారు ఉన్న చోటే చూశాడు. తర్వాత మేకు మీది ఉంగరం తీసుకున్నాడు.

మాట నిలబెట్టుకున్నాను. గర్వంగా ఉంది.

మార్చి 18, బుధవారం

హాయిగా నిద్రపట్టింది. ఎన్నాళ్ళకో.

మార్చి 20, శుక్రవారం

ఈ రెండు రోజులూ బ్యాటరీలు మార్చడం తప్ప వేరే పని తగల్లేదు. ఇవాళ ఉంగరం ఒక్కసారికే మేకుకు తగిలింది. నేను చెప్పలా?

మార్చి 21, శనివారం

వరసగా రాస్తాను. లేకపోతే నాకు అనుకూలంగా ఏదో ఒకటి మింగేస్తాను. ఇన్నాళ్ళూ చేసిందదే.

పొద్దున ఎనిమిదింటికి అమ్మ బట్టలు మెషీన్లో వేస్తూ నాన్న జేబులు తిరగేస్తోంది. "ఇది జేబా, పాతసామాన్ల కొట్టా" అంటూ రెండు స్క్రూలు, ఒక టై ముక్క, ఒక రబ్బరు బల్ల మీద పెట్టింది.

కొత్త రబ్బరు. పెద్ద సైజు. ఆ ప్యాకెట్టు నేను విప్పింది ఒక్క కారుకే.

టీచరుకి ఫోన్ చేశాను. స్విచ్ ఆఫ్. మళ్ళీ చేశాను. పోటీకి బయల్దేరి ఉంటుంది, నలుగురు పిల్లలతో.

నాన్న వరండాలో పేపరు చదువుతున్నాడు. అరచేతిలో రబ్బరు పెట్టి ముందుకి చాపాను. చూశాడు. పేపరు మడత పెట్టాడు.

"నువ్వు వేరేది వెయ్యలేదా?" అన్నాడు.

"నేనా?"

"నేను టీకెళ్ళాక. రోజూ చూస్తావు కదమ్మా."

ఆయనకు తెలుసు. అంతా తెలుసు.

"ఆ రోజు చూడలేదు నాన్నా. నీ వెనక చూడ్డం తప్పనిపించింది. చూడనని ఒట్టు పెట్టుకున్నాను."

నాన్న మొహం పాలిపోయింది. "వేళ్ళు ఆగలేదమ్ములూ, రబ్బరు కన్నంలో కూర్చోలేదు. నువ్వు వేస్తావులే అనుకున్నాను." ఇంకో మాట చెప్పడానికి గొంతు సవరించుకున్నాడు. "ఫ్యూజు కూడా లోపలే ఉంది. బ్యాటరీ పక్క ఇరుకులో చెయ్యి పట్టలేదు. డ్యాష్‌బోర్డు కింద పెట్టి పాట వినిపించి వదిలేశాను. అదీ నువ్వు మారుస్తావనే."

అంటే ఇనుప అంచు మీద రాసుకుంటున్న వైరుకు అడ్డం ఏమీ లేదు. తెగి తగిలిందంటే మంటే.

నాకు నామీదా ఆయనమీదా ఒకేసారి కోపం పొంగుకొచ్చింది. "చెప్పొచ్చు కదా నాన్నా! ఒక్క మాట చెప్పొచ్చు కదా!"

"నువ్వు చెప్పావా?" అన్నాడు. మెల్లిగానే అన్నాడు.

అమ్మ తడిబట్టలతో గుమ్మంలో నిలబడి అంతా వింది. "తర్వాత తిట్టుకుందురుగాని, ముందు బయల్దేరండి" అంది.

గంటన్నర దారి. షాపు వ్యాను నేను నడిపాను. నాన్న పక్కన కూర్చుని ఫోన్ చేస్తూనే ఉన్నాడు. వేలు ఒక అంకె బదులు ఇంకో అంకె మీద పడుతోంది. చివరికి రెండు చేతులతో పట్టుకుని బొటనవేలితో నొక్కడం మొదలుపెట్టాడు. ఎదురుగా రోడ్డు మీద ఎక్కడ పొగ కనిపించినా ఆ కారేమోనని ఇద్దరం మెడలు చాచి చూశాం. ఒకచోట ఎవరో చెత్త తగలబెడుతున్నారు. ఇంకోచోట ఇటుకల బట్టీ. అది దాటాక నాన్న కళ్ళు తుడుచుకున్నాడు. నేను చూడనట్టు ఊరుకోలేదు ఈసారి. ఎడమచేత్తో ఆయన మోకాలు పట్టుకున్నాను.

స్కూలు గ్రౌండులో కారు ఉంది. డిక్కీ తెరిచి ఉంది, పాట మోగుతోంది, నలుగురు పిల్లలూ బంపరుకి ఆనుకుని గజ్జెలు కట్టుకుంటున్నారు. ప్రాణం లేచొచ్చింది.

నేను వ్యాను ఆపక ముందే నాన్న దిగిపోయాడు. ఆ నడక నేనెప్పుడూ చూడలేదు. టీచరుని బానెట్ తెరవమని చెప్పి, బ్యాటరీ మైనస్ వైపు రింగు తీసేశాడు. పాట సగంలో ఆగిపోయింది. పిల్లలు "అయ్యో" అని అరిచారు.

"ఏంటండీ ఇది, గంటలో మా వంతు!" అంది టీచరు.

"మీ కారులో తప్పు చేశానమ్మా" అన్నాడు నాన్న. అందరూ వింటున్నారు. "వైరు ఇనుముకి రాసుకుంటోంది. పిల్లల్ని దూరంగా పంపండి. బాగుచేసేదాకా బండి కదపొద్దు."

షాపు పెట్టినప్పటి నుంచీ ఆ నోట ఆ మాట నేను వినలేదు. "తప్పు ఇద్దరిదీ అండీ" అన్నాను.

టీచరు మొదటిసారి కదలకుండా నిలబడింది. పిల్లల వంక చూసింది. తర్వాత, "మరి వీళ్ళ ప్రాక్టీసుకి పాట?" అంది. మా వ్యానులో పెట్టించాను. ఊరందరికీ స్పీకర్లు బిగించే మా వ్యానులో ఉన్నది ఒకటే స్పీకరు, అదీ జలుబు చేసిన గొంతుతో పాడుతుంది. పిల్లలు పడీ పడీ నవ్వుతూ దానికే అడుగులు వేశారు.

కన్నంలోంచి వైరు లాగి చూశాం. ఎర్ర తొడుగు కోసుకుపోయి, లోపల రాగి వెంట్రుక మందాన మెరుస్తోంది. ఇంకో పది కిలోమీటర్లు పోతే ఇనుముకి తగిలేసేది. గతుకుల రోడ్డయితే అంత కూడా కాదు. నాన్న చేతిలో ఆ ముక్క పట్టుకుని నేల మీద కూర్చుండిపోయాడు. "పిల్లలు కదే" అన్నాడు. అంతే అన్నాడు.

కాసేపటికి లేచి, ఉంగరం తీసి జేబులో వేసుకోబోయాడు. "జేబులో మాత్రం వద్దు నాన్నా" అన్నాను. ఇద్దరికీ నవ్వొచ్చింది, ఆ పరిస్థితిలో కూడా. వ్యాను అద్దానికి తగిలించాడు.

వైరు మొత్తం కొత్తది లాగాను, డిక్కీ దాకా. బ్యాటరీ పక్క ఇరుకులో చెయ్యి దూర్చి రబ్బరు నేనే తొడిగాను. నాన్న టార్చి పట్టుకున్నాడు. వెలుతురు గోడ మీద ఆడుతూ ఉంది.

"కదులుతోందా?" అన్నాడు.

"బాగానే కనబడుతోంది నాన్నా."

"అబద్ధాలు మానేద్దామమ్మా ఇక."

"కదులుతోంది. అయినా కనబడుతోంది."

ఫ్యూజు దగ్గరికొచ్చాం. అలవాటుగా జానెడు కొలవబోయాడు. బొటనవేలు బ్యాటరీకి ఆన్చాడు, చిటికెనవేలు ఒకచోట నిలవలేదు. రెండుసార్లు చూశాడు. మూడోసారి నా చెయ్యి పట్టుకుని, గ్రీజు అంటిన నా వేళ్ళు తానే విడదీసి, బ్యాటరీ పక్కన ఆన్చాడు.

"నీ జానెడు పెట్టు. ఇకనుంచి ఇదే కొలత."

ఏడుపు ఆపుకోలేదు. బానెట్ కింద తల పెట్టుకుని హాయిగా ఏడ్చాను. ఆయన టార్చి ఆర్పకుండా పట్టుకునే ఉన్నాడు.

పిల్లలకు మూడో బహుమతి వచ్చింది. మొదటిది రాలేదని టీచరు అలిగింది. మా మీద అలిగినట్టు లేదు.

తిరిగొస్తుంటే అడిగాను, నేను చూస్తున్నట్టు ఎప్పటి నుంచి తెలుసని.

"మొదటి కారు నుంచీ. నేను కేబుల్ టై కట్టాక మిగిలే తోక కిందికి పెడతాను. నువ్వు పక్కకి పెడతావు. నేను కట్టిన టై నేను టీ తాగొచ్చేలోగా తోక తిప్పుకుంటుందా?"

"మరి ఏమీ అనలేదేం?"

"అంటే నువ్వు మానేస్తావేమోనని. నువ్వు వెనకున్నావనే ధైర్యంతోనే స్క్రూడ్రైవరు పట్టుకుంటున్నాను. రోజుకి అన్ని టీలు నాకేమైనా సరదానా అమ్ములూ? మీ బాబాయి చెప్పిందే చెప్పే కబుర్లు అరగంట వినాలి."

మిగతా కార్లన్నీ నేను చూసినవే. వేళ్ళ మీద ఇద్దరం లెక్కపెట్టుకున్నాం, రెండుసార్లు.

మార్చి 22, ఆదివారం

అమ్మ గ్లాసు నిండా నీళ్ళు ఇచ్చింది. "ఒలికితే తుడుస్తాను, అదేం పెద్ద పని" అంది. కొంచెం ఒలికింది. అమ్మ తుడిచింది. బుధవారం డాక్టరు దగ్గరికి ముగ్గురం వెళ్తున్నాం.

మార్చి 23, సోమవారం

నీలం కారు. నాన్న బానెట్ కింద నుంచి షాపంతా వినపడేలా పిలిచాడు. "అమ్ములూ, ఈ రింగు నా వల్ల కావట్లేదు, రా." పక్క షాపులో సీటుకవర్ల బాబాయి మిషను ఆపి మరీ చూశాడు. వెళ్ళి బిగించాను. ఆయన పక్కనే నిలబడి చూసి, చాలు అన్నాడు.

ఫ్యూజు నా జానెడుకి పెట్టాను.

ఇవాళ టీకి నేను వెళ్ళాను. నాన్న పంపించాడు, పక్క షాపులో కూర్చుని తాగి రమ్మని. బాబాయి ఒకే కథ రెండుసార్లు చెప్పాడు. నాన్న ఇన్నాళ్ళు ఎలా భరించాడో.

వచ్చాక కారు అప్పగించే ముందు డిక్కీలో ఒకసారి చూసుకున్నాను. ఆంప్లిఫయరు పక్కన నేను కట్టిన టైలు నాలుగు. మూడింటి తోక పక్కకి ఉంది. నాలుగోది కిందికి ఉంది. వేలితో లాగి చూశాను, నేను కట్టిన దానికంటే గట్టిగా ఉంది.

"నాన్నా, ఇది ఎవరు మార్చారు?"

ఆయన మేకు మీది ఉంగరం తీసి వేలికి పెట్టుకుంటున్నాడు. మూడుసార్లు పట్టింది. నేను ఎక్కడికీ తిరగలేదు, చూస్తూనే ఉన్నాను.

"కొంచెం వదులుగా ఉంటేనూ" అన్నాడు. "సర్దాను. అంతే."